పుచ్చు వంకాయ పక్కనే ఇంకొకటి

విశాఖపట్నం

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు, రాత్రి పదకొండు దాటినా నేను కంప్యూటర్ ముందు నుంచి లేవలేదని మీ అమ్మ కోప్పడింది, గుర్తుందా? ఎవరూ జీతం ఇవ్వని పనికి అంత అవస్థ ఎందుకని మీరూ అడిగారు. రుషికొండ వెళ్ళే హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను.

ప్రోగ్రాములు రాసేవాళ్ళు ప్రతిదీ మొదటి నుంచి రాసుకోరు. లిస్టులో వెతకడం, వరుస పెట్టడం, అక్కరలేనివి తీసేయడం వంటి పనులకు ముందే ఎవరో రాసిపెట్టిన కోడు తెచ్చుకుంటారు. దాన్నే లైబ్రరీ అంటాం. అది ఓపెన్ సోర్స్ అయితే ఎవరైనా లోపల చదవవచ్చు, తప్పు దిద్ది పంపవచ్చు. దాన్ని చూసుకునేవాళ్ళకు నచ్చితే అసలులో కలుపుతారు.

ఆ రాత్రి నేను చూస్తున్నది అలాంటి ఒక లైబ్రరీలో, ఫలానా రకంవన్నీ తీసేయమంటే లిస్టులోంచి తీసేసే చిన్న ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే కోడు ముక్క. ఒక్కోసారి ఒకటి మిగిలిపోతోందని ఎవరో ఫిర్యాదు రాశారు. ఆ ‘ఒక్కోసారి’తోనే వచ్చింది చిక్కంతా. ఎప్పుడూ తప్పే కోడును పట్టుకోవడం తేలిక.

పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన వంకాయలు ఐదు వంటగది గట్టు మీద వరుసగా పెట్టండి. కంప్యూటర్ లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి వాటి స్థానాలు 0, 1, 2, 3, 4. వాటిలో 1, 2 పుచ్చువి అనుకోండి. వేలు పెట్టి చూస్తూ వెళ్ళండి. 0 బాగుంది. 1 పుచ్చు, తీసేశారు. లిస్టులో మధ్యన ఖాళీ ఉండదు, వెనకవన్నీ ఒక్కో స్థానం ముందుకు జరుగుతాయి. 2లో ఉన్న పుచ్చుకాయ 1లోకి వచ్చేసింది. మీ వేలేమో అలవాటుగా 2 మీదికి వెళ్ళింది. రెండో పుచ్చుకాయను ఎవరూ చూడనే లేదు!

ఆ ఫంక్షన్‌కు టెస్టులు, అంటే అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే చిన్న కోడులు, లేవా అంటే ఉన్నాయి, అన్నీ నెగ్గుతున్నాయి కూడా. వాటన్నింటిలో పుచ్చువి దూరదూరంగా ఉన్నాయి. అందుకే నేను కోడును ముట్టుకోకముందే ఒక కొత్త టెస్టు రాశాను: లిస్టులో రెండే వస్తువులు, రెండూ తీసేయవలసినవే. అది ఓడిపోయింది. దాన్ని చూశాక నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. తప్పు కళ్ళముందు నిలబడితేనే కదా దిద్దగలం.

మొదట చివరి నుంచి వెనక్కి వచ్చేలా మార్చాను. అప్పుడు జరిగేవన్నీ మనం చూసేసినవే, ఏదీ తప్పిపోదు. చూసుకునేవాళ్ళలో ఒకరు, లిస్టులో లక్ష ఉంటే తీసిన ప్రతిసారీ వెనకవాటిని జరపాలి కదా, ఆలస్యం అవుతుందేమో అన్నారు. నిజమే. మంచివాటిని మాత్రం వరుసగా ముందుకు చేర్చి, చివర మిగిలిన తోకను ఒక్కసారే కోసేసేలా మళ్ళీ రాశాను. రెండో రాత్రి దీపం అందుకే వెలిగింది.

ఇలాంటివి కొత్తవాళ్ళు రాసిన కోడులోనే ఉంటాయని అనుకోకండి. జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే లైబ్రరీలో, వరుసలో ఉన్నవాటిని సగం సగం చేసి వెతికే ఫంక్షన్ ఉంది. అందులో సుమారు తొమ్మిదేళ్ళు దాగిన తప్పు గురించి, దాన్ని రాసిన జాషువా బ్లాక్ గారే 2006లో అందరికీ చెప్పారు. మధ్య స్థానం కోసం మొదలూ చివరా కలిపి రెండుతో భాగించేవారు. ఆ స్థానాలకు వాడిన రకం సంఖ్య 214,74,83,647 దాటడానికి వీల్లేదు. 150 కోట్ల పేర్లలో వెతుకుతూ కుడి సగానికి వెళ్ళామంటే మొదలు 75 కోట్లు, చివర 150 కోట్లు, మొత్తం 225 కోట్లు. హద్దు దాటి రుణ సంఖ్య అయిపోతుంది, ప్రోగ్రాము ఆగిపోతుంది. కలపడం మాని, రెండింటి తేడాలో సగాన్ని మొదలుకు చేరిస్తే చాలు. అంత పెద్ద లిస్టులు అరుదైన కాలంలో అది ఎవరికీ తగల్లేదు.

తన పేరు తప్పుకు అంటుకుంటుందని ఆయన జంకలేదు. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

నేను పంపినది కలిపేశారు. నా టెస్టుకు ‘పక్కపక్కన రెండు’ అని పేరు పెట్టాను. వేసవికి వచ్చినప్పుడు చూపిస్తాను. ఈలోగా ఆ వంకాయల ఆట ఆడి, మూడు పుచ్చువి వరుసగా ఉంటే పాత కోడు ఎన్నింటిని వదిలేస్తుందో నాకు రాయండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ