సంపూర్ణ సూర్యగ్రహణం కోసం విదేశం వెళ్తున్నారా? నా దగ్గరికి వచ్చే అపోహలు, నేను చెప్పే వాస్తవాలు

తెలుగు కుటుంబాలను చిన్న చిన్న బృందాలుగా సంపూర్ణ సూర్యగ్రహణాలకు తీసుకెళ్లడం నా పని. ఇప్పుడు వచ్చే ఫోన్లన్నీ 2027 ఆగస్టు 2 గురించే. ఆ రోజు చంద్రుడి నీడ అట్లాంటిక్‌లో మొదలై జిబ్రాల్టర్ జలసంధి మీదుగా దక్షిణ స్పెయిన్, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా, ఈజిప్టు, సౌదీ, యెమెన్, సోమాలియా దాటి హిందూ మహాసముద్రంలోకి పోతుంది. ఈజిప్టులో లక్సర్ పరిసరాల్లో సూర్యుడు ఆరు నిమిషాల ఇరవై సెకన్ల దాకా పూర్తిగా మూసుకుపోతాడు. అంతకంటే ఎక్కువసేపు ఉండే సంపూర్ణ గ్రహణం మళ్లీ 2114లోనే. ఇంత గొప్ప అవకాశం చిన్న పొరపాటుతో చేజారిపోకూడదని ఇదంతా రాస్తున్నాను.

అపోహ: 99 శాతం కనబడే ఊళ్లో ఉంటే చాలు, ఆ ఒక్క శాతం కోసం అంత ఖర్చెందుకు?

ఈ ఒక్కటి సరిగ్గా అర్థమైతే మిగతా ప్లానంతా దానంతటదే కుదురుతుంది. సూర్యుడి వెలుగు నిండు పున్నమి వెలుగుకు దాదాపు నాలుగు లక్షల రెట్లు. అందులో ఒక్క శాతం మిగిలినా నాలుగు వేల పున్నములంత వెలుగు ఉన్నట్టే. ఆ వెలుగులో నక్షత్రాలు కనపడవు. సూర్యుడి చుట్టూ తెల్లగా విచ్చుకునే కరోనా అసలే కనపడదు. ఎండ కాస్త మందగించి, రంగు మారినట్టు ఉంటుంది, అంతే. కల్యాణం చూడ్డానికని భద్రాచలం దాకా వెళ్లి, గోదావరి ఇవతలి గట్టు మీద నుంచే వెనక్కి వచ్చినట్టు.

2024 ఏప్రిల్ 8న మేం డల్లాస్ శివార్లలో ఒక పార్కులో ఉన్నాం. మాతో ఒక పెద్దావిడ ఉన్నారు. గుంటూరు నుంచి కూతురి ఇంటికి వచ్చారు. గ్రహణం వేళ బయటికి రావడం ఇష్టం లేకపోయినా అల్లుడి మాట కాదనలేక వచ్చి, చీర కొంగు తల మీదుగా కప్పుకుని కుర్చీలో కూర్చున్నారు. గంటసేపు ఏమీ మాట్లాడలేదు. ముప్పావు వంతు మూసుకున్నాక కూడా "ఇంతేనా బాబూ?" అన్నారు. చివరి నిమిషంలో పడమటి వైపు నుంచి చీకటి గోడలా లేచొచ్చింది. పార్కు దీపాలు వాటంతటవే వెలిగాయి. చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారి అరిచి ఊరుకున్నాయి. సూర్యుడి అంచున ఒకే ఒక్క చుక్క వజ్రపుటుంగరంలా మెరిసి ఆరిపోయింది. "ఇప్పుడు అద్దాలు తీసేయండమ్మా" అన్నాను. తీసి చూసి, కుర్చీలోంచి లేచి రెండు చేతులూ జోడించారు. వెలుగు తిరిగొచ్చాక కూడా చాలాసేపు అలాగే నిలబడ్డారు. హ్యూస్టన్‌లో ఉన్న మా స్నేహితులకు అదే రోజు 94 శాతం. ఆఫీసు కిటికీలోంచి చూసి, కాసేపటికి పనిలో పడిపోయారట.

మన పంచాంగంలో ఈ తేడాకు పేర్లు కూడా ఉన్నాయి. స్పర్శ అంటే పట్టు మొదలు. నిమీలనం అంటే బింబం పూర్తిగా మూసుకున్న క్షణం. ఉన్మీలనం అంటే తిరిగి తెరుచుకున్న క్షణం. మోక్షం అంటే విడుపు. మనం విమానం ఎక్కేది నిమీలనానికీ ఉన్మీలనానికీ నడుమ ఉండే ఆ కొన్ని నిమిషాల కోసం. పాక్షిక గ్రహణంలో ఆ రెండూ ఉండవు.

అపోహ: ఓపిక పడితే మన ఊరికే వస్తుంది.

భూమి మీద ఏదైనా ఒక చోటుకు సంపూర్ణ గ్రహణం సగటున 375 ఏళ్లకు ఒకసారి వస్తుంది. 1980 ఫిబ్రవరి 16న నీడ మన తెలుగు నేల మీదుగానే వెళ్లింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉంది. భారతదేశానికి ఇక మీదట వచ్చేది 2034 మార్చి 20న, అదీ పైన లద్దాఖ్ వైపు. జెడ్డాలో పనిచేసే మనవాళ్లకు మాత్రం 2027లో ఇంటి మేడ మీదికే వస్తోంది. ఆరు నిమిషాలు. అక్కడ మీ వాళ్లుంటే ఇప్పుడే చెప్పండి.

అపోహ: ఆ దేశంలో కనబడుతుందంటే ఎక్కడ దిగినా ఒకటే.

ఈజిప్టు టూరు కొనుక్కుని కైరోలో ఆగిపోతే పాక్షికమే. నైలు నదిలో లక్సర్ నుంచి అస్వాన్ దాకా పడవ ప్రయాణాలు బాగా అమ్ముతున్నారు. వాటి విషయంలో మరీ జాగ్రత్త. అస్వాన్ నీడ దారికి కొద్ది కిలోమీటర్ల బయట ఉంది. ఆగస్టు 2 మధ్యాహ్నం ఒంటి గంటకు పడవ ఎక్కడుంటుందో రాతపూర్వకంగా అడగండి. స్పెయిన్‌లోనూ ఇంతే. కాదిజ్, తరీఫా, మలగా లోపల ఉన్నాయి. సెవిల్, గ్రనాడా బయట. 2024లో అమెరికాలో నీడ అంచు శాన్ ఆంటోనియో ఊరి మధ్యలోంచే పోయింది. ఊరి ఈ చివర సంపూర్ణం, ఆ చివర పాక్షికం. కాబట్టి హోటల్ ఉన్న వీధిని గ్రహణ మ్యాపులో పెట్టి చూసుకోండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కొందరు సరిగ్గా నీడ దారి నడిమి గీత మీదే నిలబడాలని పట్టుబట్టి, ఎడారిలో నీళ్లూ నీడా లేని చోటికి వెళ్దామంటారు. అవసరం లేదు. నడిమి గీతకూ అంచుకూ సరిగ్గా సగం దూరంలో ఉన్నా దాదాపు 87 శాతం సమయం దక్కుతుంది. ఈజిప్టులో నీడ వెడల్పు సుమారు 258 కిలోమీటర్లు. అంటే గీతకు అరవై కిలోమీటర్లు పక్కకు ఉన్నా అయిదున్నర నిమిషాలు చూస్తారు. మంచి హోటలూ, మంచినీళ్లూ, దగ్గర్లో ఆసుపత్రీ ఉన్న చోటు వదులుకుని ఇంకో యాభై సెకన్ల కోసం పరిగెత్తమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. అంచుకు దగ్గరయ్యే కొద్దీ సమయం గబగబా తరిగిపోతుంది, భయపడాల్సింది దానికి.

అపోహ: వాతావరణ లెక్కలు బాగున్న చోటు ఎంచుకున్నాం కాబట్టి ఇక దిగుల్లేదు.

2009 జులై 22న నేను బీహార్‌లో ఉన్నాను. తెల్లవారుజామునే చేరుకున్నాం. పట్నా దగ్గరి తారెగ్నా అనే ఊరి పేరు అప్పుడు దేశమంతా మారుమోగింది, జనం వేలల్లో వచ్చారు. మబ్బు కదల్లేదు. ఉన్నట్టుండి చీకటి పడింది, మళ్లీ తెల్లారింది, సూర్యుడు మాత్రం కనపడలేదు. అదే ఉదయం వారణాసి ఘాట్ల మీద ఉన్నవాళ్లు చూశారు. ఆ రోజు మా దగ్గర బస్సుంది, డ్రైవరున్నాడు. ముందు రోజు సాయంత్రం ఉపగ్రహ చిత్రం చూసి కదిలి ఉంటే సరిపోయేది. కదలాలన్న ఆలోచనే మాకు రాలేదు. ఆ ఉదయం నా మనసులోంచి ఇప్పటికీ పోలేదు.

2024లో లెక్కల ప్రకారం టెక్సస్ మేలు, ఈశాన్య రాష్ట్రాలు కష్టం. ఆ రోజు తీరా చూస్తే టెక్సస్‌లో చాలా చోట్ల మబ్బులు, వెర్మాంట్‌లో నిర్మలమైన ఆకాశం. డల్లాస్‌లో మాకు మబ్బులు విడిపోవడం అదృష్టమే. ఏళ్ల తరబడి తీసిన సగటు దేశాన్ని ఎంచుకోవడానికి పనికొస్తుంది. ఆ రోజు ఎక్కడ నిలబడాలన్నది మూడు రోజుల ముందు నుంచి చూసే అంచనాలే చెప్పాలి. అందుకే మా ప్రతి ప్రయాణంలో కారో వ్యానో మా చేతిలో ఉంటుంది, రెండో చోటు ముందే చూసి పెట్టుకుంటాం.

స్థలం ఎంపికలో మనకు గుంటూరు కంటే మంచి పాఠం లేదు. 1868 ఆగస్టు 18 గ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త అక్కడికి వచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. నడి వానాకాలం. జాన్సెన్ సముద్రపు పొగమంచుకూ, కొండల మబ్బులకూ దూరంగా ఉండే చోటు చూసుకున్నాడు. ఆకాశం అనుకూలించింది. సూర్యుడి అంచున ఎగసే మంటల్ని గ్రహణం లేకపోయినా, వెలుగును రంగులుగా విడదీసే వర్ణపటదర్శినితో చూడవచ్చని మర్నాడే చేసి చూపించాడు. స్పెయిన్ వెళ్లేవాళ్లకు నేను చెప్పేదీ అదే. జలసంధి ఒడ్డున సముద్రపు మంచు కమ్మే ప్రమాదం ఉంది, ఉదయం కాస్త లోపలికి జరగగలిగేలా ఉండండి. లక్సర్‌లో ఆగస్టులో మబ్బు చాలా అరుదు. అక్కడి కష్టం వేరు, ఎండ.

అపోహ: లక్సర్‌లో మబ్బు ఉండదు కాబట్టి అన్నీ సుఖమే.

ఆగస్టులో అక్కడ మధ్యాహ్నం నలభై డిగ్రీలు మామూలు. పాక్షిక దశ గంటన్నర దాకా సాగుతుంది, అంతసేపూ ఎండలో నిలబడితే సంపూర్ణం వచ్చేసరికి మనిషి సోలిపోతాడు. పెద్దవాళ్లను, పిల్లల్ని నీడలో కూర్చోబెట్టి, ఆఖరి పావుగంటకు బయటికి తీసుకురండి. సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. మెడ ఎత్తి ఆరు నిమిషాలు చూడలేరు. చాప తీసుకెళ్లండి, వెల్లకిలా పడుకుని చూడండి. ఒక చిల్లుల గరిటె కూడా పెట్టుకోండి. దాని నీడలో ప్రతి చిల్లూ ఒక చిన్న నెలవంక అవుతుంది, పిల్లలు దాన్ని వదలరు.

అపోహ: గ్రహణం చూడకూడదు, గర్భిణులు అసలే కదలకూడదు, అన్నం ముట్టకూడదు.

గ్రహణంలో ప్రత్యేకమైన కిరణాలేవీ పుట్టవు. గర్భిణికి అక్కడ ప్రమాదం ఎండదెబ్బ, సుదీర్ఘ విమాన ప్రయాణం. ఆ రెండింటి గురించి మీ డాక్టరుగారిని అడగండి. ఉపవాసం మీ ఇష్టం, మా బృందాల్లో పట్టుస్నానం, విడుపుస్నానం చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మంచినీళ్లు మాత్రం మానొద్దు. షుగరు మాత్ర వేసుకునేవాళ్లు భోజనం వేళ తప్పించొద్దు. ఈ మాట చెప్పేటప్పుడు నేను మొహమాటపడను.

అపోహ: అద్దాలు చివరిదాకా తీయకూడదు. లేదంటే, ఎక్స్‌రే ఫిల్ము చాలు.

రెండూ తప్పే. ఎక్స్‌రే ఫిల్ము, నల్ల కళ్లద్దాలు, మసి పట్టించిన గాజు వద్దు. రెటీనాకు నొప్పి తెలియదు, కాలిపోతున్నా మనకు తెలియదు. ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ఉన్న గ్రహణ అద్దాలే కొనండి, గీతలు పడితే పారేయండి. వాటిలోంచి సూర్యుడు తప్ప ఇంకేమీ సరిగ్గా కనపడకూడదు. బైనాక్యులర్ అయితే ఫిల్టరు ముందు వైపు ఉండాలి. గ్రహణ అద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లో చూడటం ప్రమాదం. చివరి వజ్రపు చుక్క ఆరిపోయాక మాత్రం అద్దాలు తీసి, ఉత్త కళ్లతో చూడాలి. అద్దాల్లోంచి కరోనా కనపడదు. మొదటి వెలుగు చుక్క తిరిగి రాగానే మళ్లీ పెట్టుకోవాలి. ఇవన్నీ సంపూర్ణం పడే చోటు సంగతి. పాక్షికం పడే ఊళ్లో ఒక్క క్షణం కూడా తీయకూడదు.

అపోహ: బుకింగ్ అయిపోయింది, ఇక నిశ్చింత.

2017లో అమెరికాకు వెళ్లినప్పుడు ఏడాది ముందే తీసుకున్న గదుల్ని ఒక చిన్న ఊరి హోటలువాళ్లు, రేట్లు పెరిగాక, సిస్టంలో పొరపాటు అని రద్దు చేశారు. మాతో పదకొండు మంది. అప్పటి నుంచి నిర్ధారణ కాగితం మీద తేదీ, గదుల సంఖ్య, ధర మూడూ ఉండేలా చూస్తాను, ఆరు నెలల ముందూ రెండు నెలల ముందూ ఫోన్ చేసి పేరు చదివించుకుంటాను, నీడ దారికి గంట దూరంలో రద్దు చేసుకోదగ్గ రెండో గది పెట్టుకుంటాను. మబ్బు పట్టిందని మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ డబ్బు వెనక్కి ఇవ్వదు, అది ముందే తెలిసి ఉండాలి.

స్పెయిన్‌కు షెంగెన్ వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల కంటే ముందు తీసుకోరు. వేసవి స్లాట్లు త్వరగా అయిపోతాయి, కాబట్టి ఫిబ్రవరి మొదటి వారంలోనే కాగితాలు సిద్ధంగా ఉండాలి. ఈజిప్టు వీసా నిబంధనలు టికెట్ కొనే ముందు ఎంబసీ పేజీలో చూసుకోండి, ఏజెంటు మాట మీద ఉండొద్దు.

అపోహ: ఆ సాయంత్రమే విమానం ఎక్కేయొచ్చు.

వజ్రపుటుంగరం రెండోసారి మెరవగానే జనం ఒక్కసారిగా కార్ల వైపు పరుగెడతారు. 2017లోనూ 2024లోనూ రోడ్లు గంటల తరబడి కదల్లేదు. తిరుగు టికెట్ మర్నాటికి పెట్టుకోండి. విడుపు ఇంకా గంటకు పైగా ఉంటుంది, దాన్ని చూసేవాళ్లు ఎవరూ మిగలరు. మేం అక్కడే నీడలో చాపలు పరుచుకుని, డబ్బాల్లో పెట్టుకున్న పులిహోర తింటూ, మోక్షం దాకా అద్దాల్లోంచి చూస్తూ ఉంటాం. మేం లేచేసరికి రోడ్డు ఖాళీ అయి ఉంటుంది.