కృష్ణా వంతెనకు ఇవతల ఒక ధర, అవతల ఒక ధర

రాయచూరు నుంచి వచ్చే 167వ నంబరు జాతీయ రహదారి శక్తినగర్ దగ్గర కృష్ణా నది దాటి తెలంగాణలోకి వస్తుంది. మక్తల్, మరికల్, మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా పోయి కోదాడ దగ్గర విజయవాడ రోడ్డును కలుస్తుంది. పాత పాలమూరు, నల్లగొండ జిల్లాలను ఈ కొస నుంచి ఆ కొస దాకా కుట్టిన దారి ఇది. దీని మీద లారీ నడిపే ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు: నది అవతల డీజిల్ చౌక, కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు పోతే ప్రియం, నడుమ తెలంగాణలో మధ్యరకం. అందుకే రాయచూరు దిక్కు పోయే బండి ఇక్కడ వంద రూపాయలకు మించి కొట్టించదు. విజయవాడ వైపు పోయే బండి మాత్రం కోదాడలోనే ట్యాంకు నింపుకుంటుంది.

ఈ తేడాకు దూరమే కారణమని, ఎక్కడి నుంచో ట్యాంకర్లలో రావాలి కాబట్టి కిరాయి పడుతుందని చాలామంది అనుకుంటారు. కిరాయి పడేది నిజమే, కానీ అది పైసల్లో తేలే లెక్క. సరిహద్దుకు అటూ ఇటూ రూపాయల్లో కనిపించే తేడా రాష్ట్రాలు వేసే అమ్మకపు పన్నుది, దాన్నే వ్యాట్ అంటారు. రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చిన అధికారం అది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినా ముడిచమురు, పెట్రోల్, డీజిల్, సహజవాయువు, విమాన ఇంధనం దాని బయటే ఉన్నాయి. వాటిని ఎప్పటి నుంచి లోపలికి తేవాలో జీఎస్టీ మండలి సిఫారసు చేయాలి. 2021 సెప్టెంబరు 17న లక్నోలో జరిగిన సమావేశంలో చర్చకు వచ్చినా, ఇప్పుడు వద్దనే తేల్చారు.

ముందు ధర ఎలా పేరుకుంటుందో చూడాలి. 2024 మార్చి 15న హైదరాబాద్‌లో లీటరు పెట్రోల్ 107 రూపాయల 41 పైసలు ఉండేది. తెలంగాణ వ్యాట్ 35.2 శాతం. 107.41ని 1.352తో భాగిస్తే 79.45 వస్తుంది. కంపెనీ ధర, రవాణా, కేంద్ర ఎక్సైజ్ సుంకం, డీలర్ కమీషన్ అన్నీ కలిసిన మొత్తం అది. మిగిలిన 27.96 రూపాయలు రాష్ట్రానివి. అప్పట్లో కేంద్ర ఎక్సైజ్ 19.90 ఉండేది కనుక, ఆ సుంకం మీద కూడా 35.2 శాతం వ్యాట్ పడుతుంది. సుంకం మీద పన్ను అని జనం తిట్టుకునేది దీన్నే, ఆ తిట్టులో లెక్క తప్పేమీ లేదు. డీజిల్‌కు ఇదే పద్ధతి: 95.65 ధర, 27 శాతం వ్యాట్, పన్నుకు ముందు 75.31, రాష్ట్రానికి 20.34.

ఇప్పుడు కాస్త వెనక్కి పోదాం. 2002 ఏప్రిల్ దాకా చమురు ధరలు పూర్తిగా కేంద్రం చేతిలో, కంపెనీల లాభనష్టాలను సర్దే ఆయిల్ పూల్ ఖాతా లెక్కల మీద నడిచేవి. ఆ పద్ధతి కాగితం మీద రద్దయినా ధర పెంచాలంటే ఢిల్లీ తలూపాల్సిందే. పెంపు ప్రకటన వస్తే అర్ధరాత్రి దాకా బంకుల ముందు వరుసలు కట్టిన రోజులవి. పెట్రోల్ మీద నియంత్రణ 2010 జూన్ చివర్లో పోయింది. డీజిల్‌ను 2013 జనవరి నుంచి నెలకు సుమారు 50 పైసల చొప్పున పెంచుకుంటూ పోయి, 2014 అక్టోబరులో వదిలేశారు. 2017 మే 1న విశాఖపట్నం సహా ఐదు నగరాల్లో రోజువారీ ధర ప్రయోగం మొదలైంది. జూన్ 16 నుంచి దేశమంతటా పొద్దున 6 గంటలకు కొత్త ధర. రోజూ మారుతుందన్నది ఇప్పుడు మాటవరసకే. 2021 నవంబరు 4 నుంచి 2022 మార్చి 21 దాకా ధర కదల్లేదు. ఆ తర్వాత రెండు వారాల్లో హైదరాబాద్ పెట్రోల్ 108.20 నుంచి 119.49కి ఎక్కింది.

సరిహద్దు తేడా కథ మాత్రం 2014 జూన్ 2 తర్వాతిది. ఉమ్మడి రాష్ట్రంలో అలంపూర్ చౌరస్తాలో కొట్టించినా, తుంగభద్ర దాటి కర్నూలులో కొట్టించినా పన్ను ఒకటే: పెట్రోల్‌కు 31 శాతం, డీజిల్‌కు 22.25 శాతం. రాష్ట్రం విడిపోయిన ఏడాది లోపే రెండు ప్రభుత్వాలూ పన్ను పెంచాయి, కానీ ఒకే తీరుగా కాదు. అంతర్జాతీయంగా చమురు ధర పడిపోతున్న సమయం అది. ధర పడితే శాతం లెక్కన వచ్చే పన్నూ పడుతుంది. 2015 జనవరిలో తెలంగాణ శాతాన్నే పెంచింది: పెట్రోల్ 35.2, డీజిల్ 27. మరుసటి నెలలో ఆంధ్రప్రదేశ్ శాతం జోలికి పోకుండా లీటరుకు 4 రూపాయలు అదనంగా వేసింది. 2018 సెప్టెంబరులో దాన్ని 2 రూపాయలకు తగ్గించింది, 2020లో మళ్లీ 4 చేసింది. అదే ఏడాది రోడ్ల సెస్సు పేరుతో ఇంకో రూపాయి కలిపింది.

అసలు కిటుకు ఇక్కడ ఉంది. పాత 31 శాతానికి పైన తెలంగాణ పెట్రోల్ మీద అదనంగా తీసుకునేది 4.2 శాతం, ఆంధ్ర తీసుకునేది 5 రూపాయలు. పన్నుకు ముందు ధర 119 రూపాయలు ఉంటేనే ఈ రెండూ సమానమవుతాయి. ధర అంతకు తక్కువున్నంత కాలం ఆంధ్రలో పెట్రోల్ ప్రియం. 2022 ఏప్రిల్‌లో హైదరాబాద్ ధర 119.49కి చేరినప్పుడు కూడా పన్నుకు ముందు ధర 88 రూపాయల చిల్లరే. కాబట్టి ఆ గరిష్ఠ ధర రోజుల్లో సైతం ఆంధ్ర వైపే ఎక్కువ. 79.45 మీద లెక్కేస్తే తేడా సుమారు 1.66 రూపాయలు, డీజిల్‌కు సుమారు 1.42. ఆంధ్ర తన అదనాన్ని 2 రూపాయలకు దించిన రోజుల్లో మాత్రం లెక్క తిరగబడింది. 4.2 శాతం 2 రూపాయలకు సమానమయ్యేది ధర 47.60 దగ్గర. అప్పటికే ధర దాన్ని దాటి ఉంది కాబట్టి తెలంగాణే ప్రియమైంది. ఎవరి పన్ను ఎక్కువ అనే వాదనలు చాయ్ కొట్ల దగ్గర తెగకపోవడానికి ఇదే కారణం. ఏ ఏడాది ధర చూసి మాట్లాడుతున్నారన్న దాన్ని బట్టి ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

కర్ణాటకతో తేడా ఇంకా పెద్దది, అది 2021 నవంబరులో తెరుచుకుంది. దీపావళి ముందు రోజు కేంద్రం పెట్రోల్ మీద 5, డీజిల్ మీద 10 రూపాయల ఎక్సైజ్ తగ్గించింది. కర్ణాటక తన వంతుగా చెరో 7 రూపాయలు తగ్గించింది, తెలంగాణ తగ్గించలేదు. 2022 ఏప్రిల్ 27న ప్రధాని ముఖ్యమంత్రుల సమావేశంలో పన్ను తగ్గించని రాష్ట్రాల పేర్లు చదివినప్పుడు అందులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. అలా 2024 మార్చి నాటికి హైదరాబాద్‌కూ బెంగళూరుకూ మధ్య పెట్రోల్‌లో 7.57, డీజిల్‌లో 9.72 తేడా నిలిచింది. 2024 జూన్ 15న కర్ణాటక పెట్రోల్ పన్నును 25.92 నుంచి 29.84 శాతానికి, డీజిల్ పన్నును 14.34 నుంచి 18.44కి పెంచింది. 2025 ఏప్రిల్ 1న డీజిల్‌ను 21.17కి తీసుకుపోయింది. దాంతో తేడా రెండింటిలోనూ నాలుగున్నర రూపాయల దగ్గరికి వచ్చింది.

వంతెన దాటితే లాభం ఎవరికి? 300 లీటర్ల ట్యాంకున్న లారీకి 2024 ఏప్రిల్‌లో ఒక్క నింపుకు 2,900 రూపాయలు మిగిలేవి. ఏడాది తర్వాత అదే నింపుకు మిగిలేది 1,380 దాకా. ఎలాగూ ఆ దారిన పోయే బండికి అది ఊరికే వచ్చే డబ్బు. మక్తల్ నుంచి 10 లీటర్ల కోసమే బైక్ మీద పోయేవారి లెక్క వేరు. 10 లీటర్లకు మిగిలేది 45 రూపాయలు. పోనూ రానూ 50 కిలోమీటర్లకు లీటరు పెట్రోల్ కాలుతుంది. అంటే మిగిలిన 45 పోగా ఇంకా దాదాపు 58 రూపాయలు చేతి నుంచి పోయినట్టే. వ్యవసాయం పనుల రోజుల్లో క్యాన్లలో తెచ్చి నిల్వ చేసుకునేవారూ ఉంటారు. డీజిల్‌కు చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. పెట్రోల్ విషయంలో అలా కాదు: సొంత వాడకానికి లైసెన్సు లేకుండా 30 లీటర్లకు మించి ఉంచుకోకూడదు, ఒక్కో డబ్బా 25 లీటర్లు దాటకూడదు. కిరాణా కొట్టులో సీసాల్లో పోసి అమ్మడానికి ఏ కొలతలోనూ అనుమతి లేదు. పెట్రోల్ ఆవిరి నేలబారుగా పాకుతుంది. పక్క గదిలో పొయ్యి వెలిగినా అంటుకోవచ్చు.

శాతం పన్నుకు ఇంకో గుణం ఉంది: కింద ఏది కదిలినా దాన్ని పెంచి చూపిస్తుంది. 2024 మార్చిలో కంపెనీలు 2 రూపాయలు తగ్గించామన్నాయి. 19.4 శాతం వ్యాట్ ఉన్న ఢిల్లీలో సరిగ్గా 2 రూపాయలే తగ్గితే, 35.2 శాతం ఉన్న హైదరాబాద్‌లో 109.66 నుంచి 107.41కి, అంటే 2.25 తగ్గింది. పెరిగేటప్పుడూ ఇదే గుణకం. రవాణా ఖర్చు లీటరుకు 50 పైసలు ఎక్కువైన ఊళ్లో బంకు ధర 68 పైసలు ఎక్కువ ఉంటుంది.

ఒకే రాష్ట్రంలో నల్లగొండకు, గద్వాలకు మధ్య కనిపించే తేడా ఇదే. నల్లగొండ వైపు పైపులైన్లు ఉన్నాయి. హిందుస్థాన్ పెట్రోలియం (హెచ్‌పీసీఎల్) వారి విశాఖ–విజయవాడ–సికింద్రాబాద్ పైపులైన్ సూర్యాపేట మీదుగా పోతుంది. పారాదీప్ నుంచి 1,212 కిలోమీటర్లు వచ్చే ఇండియన్ ఆయిల్ పైపులైన్ చౌటుప్పల్ దగ్గరి మల్కాపూర్‌లో ముగుస్తుంది. 2024 మార్చి 5న సంగారెడ్డిలో ప్రధాని దాన్ని ప్రారంభించారు. పాలమూరు పక్క అలాంటి డిపో లేదు, ట్యాంకర్లు చర్లపల్లి, మల్కాపూర్ వైపు నుంచి నడవాలి. ఒకే ఊళ్లో ఎదురెదురు బంకుల్లో కొన్ని పైసల తేడా కనిపిస్తే అది కొలతలో మోసం అనుకోనక్కర్లేదు. రెండు కంపెనీల డిపోలు వేర్వేరు చోట్ల ఉండొచ్చు. 2024 అక్టోబరు చివర్లో డీలర్ కమీషన్ పెంచినప్పుడే, డిపోకు దూరంగా ఉన్న ప్రాంతాలకు భారం తగ్గేలా రాష్ట్రాల లోపలి రవాణా చార్జీలను కంపెనీలు సర్దాయి. కృష్ణపట్నం నుంచి మల్కాపూర్‌కు 425 కిలోమీటర్ల పైపులైన్‌కు 2023 అక్టోబరు 1న శంకుస్థాపన జరిగింది మహబూబ్‌నగర్ సభలోనే. అయితే అది వచ్చి చేరేది మహబూబ్‌నగర్‌కు కాదు.

ధర దిగితే వాహనదారుడికి సంబరం, డీలరుకు గుండె దడ. బంకు భూగర్భ ట్యాంకులో ఉన్న సరుకు పాత ధరకు కొన్నది. 2021 నవంబరులో హైదరాబాద్ డీజిల్ ఒక్క రాత్రిలో 107.40 నుంచి 94.62కి పడింది. పది వేల లీటర్ల స్టాకున్న బంకుకు తెల్లారేసరికి లక్షా 27 వేల పైచిలుకు నష్టం. తగ్గింపు పుకారు పుట్టగానే కొన్ని చోట్ల లోడు పెట్టకపోవడం, ‘నో స్టాక్’ బోర్డులు కనిపించడం వెనుక ఉన్న లెక్క ఇది.

పెద్ద వాడకందారులు ఈ తేడాను ఇంకో దారిలో వాడుకున్నారు. కేంద్ర అమ్మకపు పన్ను చట్టం కింద సీ ఫారం (కొనేవారు ఇచ్చే ధ్రువీకరణ పత్రం) ఇస్తే, పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకునే డీజిల్‌కు 2 శాతం పన్నే పడేది. 27 శాతం ఎక్కడ, 2 శాతం ఎక్కడ! గనులు, జనరేటర్లు నడిపే సిమెంటు ఫ్యాక్టరీలకు ఇది పెద్ద ఊరట. వాడపల్లి నుంచి మేళ్లచెర్వు దాకా సిమెంటు పట్టీ ఉన్న నల్లగొండ ప్రాంతానికి దీని విలువ బాగా తెలుసు. జీఎస్టీ వచ్చాక ఈ ఫారాలు ఇవ్వాలా వద్దా అని పలు రాష్ట్రాల్లో కోర్టుల దాకా వెళ్లారు. చివరికి 2021 ఆర్థిక చట్టంతో కేంద్రం ఆ తలుపు మూసింది. ఆ ఏడాది జులై 1 నుంచి డీజిల్‌ను సీ ఫారం మీద తెచ్చుకోవాలంటే తిరిగి అమ్మడానికో, జీఎస్టీ బయట ఉన్న ఆ కొద్ది రకాల సరుకుల తయారీకో అయి ఉండాలి. సిమెంటు చేయడానికైతే కుదరదు.

టోకు కొనుగోలుదారులకు మరో దెబ్బ 2022 మార్చిలో తగిలింది. టోకు డీజిల్ ధర ఒక్కసారిగా లీటరుకు 25 రూపాయల దాకా పెరిగి, బంకు ధరను దాటిపోయింది. తెలంగాణ ఆర్టీసీ తన డిపో పంపులను పక్కనబెట్టి బస్సులను బయటి బంకులకు పంపింది. 2013లో టోకు డీజిల్‌కు వేరే ధర పెట్టినప్పుడు ఉమ్మడి రాష్ట్ర ఆర్టీసీ చేసింది కూడా ఇదే.