హింస రక్తంలో ఉంటుందా?

చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లు పెద్దయ్యాక తమ పిల్లల్నీ కొడతారని అంటూంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఒకసారి నరకం చూసిన మనిషికి, నువ్వూ అలాగే తయారవుతావని మళ్లీ శిక్ష వేస్తున్నట్టుంటుంది.

ఈ నమ్మకం వెనక్కి చూడటం వల్ల పుట్టింది. పిల్లల్ని హింసించి పట్టుబడినవాళ్లను బాల్యం గురించి అడిగితే చాలామంది తాము తిన్న దెబ్బల గురించే చెబుతారు. అవే దెబ్బలు తిని కూడా బిడ్డ మీద చెయ్యెత్తనివాళ్లు ఆ లెక్కలోకే రారు, వాళ్లను ఎవరూ పిలిచి అడగరు కదా. 1987లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జోన్ కాఫ్‌మన్, ఎడ్వర్డ్ జిగ్లర్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, హింసకు గురైనవాళ్లలో దాన్ని తర్వాతి తరానికి అందించేది సుమారు 30 శాతమే అని తేల్చారు. మామూలు కుటుంబాలతో పోలిస్తే ఇది చాలా ఎక్కువే. కానీ నుదుటిరాత మాత్రం కాదు.

మరి ఆ 30 శాతంలో అది ఎలా దిగుతోంది? జన్యువుల ద్వారానా? రీసస్ కోతుల్లోనూ పిల్లల్ని ఈడ్చి, కొరికే తల్లులుంటాయి. కోతుల ప్రవర్తనను పరిశోధించే దారియో మేస్త్రిపియెరి అప్పుడే పుట్టిన పిల్లలను తల్లుల మధ్య మార్చి పెంచి చూశాడు. 2005లో వెలువడిన ఫలితాల ప్రకారం, హింసించే తల్లి దగ్గర పెరిగిన 16 ఆడకోతుల్లో 9 తమ పిల్లల్ని హింసించాయి. సౌమ్యమైన తల్లి దగ్గర పెరిగినవాటిలో ఒక్కటీ ఆ పని చేయలేదు, హింసించే తల్లికి పుట్టినవి కూడా. కన్నతల్లి ఎవరన్నది కాదు, ఎవరి చేతుల్లో పెరిగిందన్నదే తేడా తెచ్చింది.

మనుషుల్లో ఈ పెంపకం చూపులో మిగిలిపోతుంది. దెబ్బల మధ్య పెరిగిన పిల్లలు ఎదుటి మొహంలో కోపాన్ని, అది పూర్తిగా బయటపడకముందే పసిగడతారని మనస్తత్వ శాస్త్రవేత్త సేత్ పోలక్ ప్రయోగాలు చూపాయి. ఆ ఇంట్లో ఆ నేర్పు బిడ్డను కాపాడింది. తండ్రి అడుగుల చప్పుడు బట్టే ఏ మూల దాక్కోవాలో తెలిసేది. అలాంటి పిల్లలు ఎదుటివాళ్ల చేతల్లో లేని పగను చూస్తారని కెన్నెత్ డాడ్జ్ బృందం 1990లో గమనించింది. అదే చూపుతో అమ్మ అయితే, పసిబిడ్డ ఏడుపు ఆకలిలా కాక మొండితనంలా, తనమీద కోపంలా వినిపించవచ్చు. చెయ్యి లేచేది అక్కడే.

అందరూ కొట్టేవాళ్లుగా మారరు. మళ్లీ మళ్లీ దెబ్బలు తినేవాళ్లుగా మిగిలిపోయేవాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి మనం ఇంకా తక్కువ మాట్లాడతాం. బాల్యంలో హింసకు గురైనవాళ్లు పెద్దయ్యాక దాడులకు, గాయాలకు ఎక్కువగా లోనవుతున్నట్టు పరిశోధకురాలు క్యాథీ విడమ్ దీర్ఘకాల అధ్యయనంలో తేలింది.

ఈ గొలుసును తెంచినవాళ్ల దగ్గర ఏముంది? అమెరికాలోని మిన్నెసోటాలో బైరన్ ఎగ్లండ్ అనే పరిశోధకుడి బృందం అలాంటి తల్లులను పరిశీలించి 1988లో ఫలితాలు ప్రకటించింది. వాళ్లకు చిన్నప్పుడు కొట్టని పెద్దవాళ్లు ఒక్కరైనా అండగా ఉన్నారు, లేదా జీవితంలో ఎప్పుడో మానసిక చికిత్స దొరికింది, పెద్దయ్యాక ఆదరించే తోడు దొరికింది. శిశువులతో, తల్లులతో పనిచేసిన సెల్మా ఫ్రైబర్గ్ అంతకుముందే, 1975లో, మరో సంగతి రాసింది. హింసను తిరిగి చేసే తల్లిదండ్రులకు తమ బాల్యంలో ఏం జరిగిందో పూసగుచ్చినట్టు గుర్తుంటుంది. గుర్తులేనిది అప్పుడు తమకు ఎంత నొప్పి పుట్టిందన్నది. ఫ్రైబర్గ్ బృందం సాయం చేసిన ఒక తల్లి ఆ నొప్పిని తలుచుకుని ఏడవగలిగాకే, ఏడుస్తున్న తన బిడ్డను దగ్గరికి తీసుకుంది.