"డ్యూబియస్ ఓనర్‌షిప్" అంటే రిపో పాడైనట్టు కాదు, దయచేసి డిలీట్ చేయకండి

"అన్నా, రిపో కరప్ట్ అయిపోయింది, మళ్ళీ క్లోన్ చేస్తున్నా." టీమ్‌లోకి కొత్తగా ఎవరొచ్చినా ఈ మాట వింటాను. రిపో అంటే గిట్ అనే టూల్ మార్పుల చరిత్రతో సహా కోడ్‌ని దాచే ఫోల్డర్, క్లోన్ అంటే సర్వర్ నుంచి దాని కాపీ తెచ్చుకోవడం. వెళ్లి చూస్తే అదే లైన్: "ఫేటల్: డిటెక్టెడ్ డ్యూబియస్ ఓనర్‌షిప్ ఇన్ రిపాజిటరీ", అంటే రిపో ఓనర్ విషయంలో అనుమానం ఉందని. ఫేటల్ అని కనబడగానే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ఒక్క నిమిషం ఆగండి.

అపోహ: రిపో పాడైంది, తీసేసి మళ్ళీ క్లోన్ చేయాలి.

వాస్తవం: మీ కమిట్లు (గిట్‌లో నమోదు చేసిన మార్పులు), బ్రాంచ్‌లు (విడిగా నడిపే పని), స్టాష్ (తాత్కాలికంగా పక్కన పెట్టిన మార్పులు) అన్నీ భద్రంగా ఉన్నాయి. ఫోల్డర్ ఓనర్ ఒకరు, గిట్ నడుపుతున్న యూజర్ మరొకరు. గిట్ అభ్యంతరం అంతవరకే.

ఈ చెకింగ్ వెనక ఒక పాత భద్రతా లోపం ఉంది, లోపాల జాబితాలో దాని నంబర్ సీవీఈ-2022-24765. ఉన్న ఫోల్డర్‌లో .గిట్ (రిపో సమాచారమంతా ఉండే దాచిన ఫోల్డర్) దొరక్కపోతే గిట్ పై ఫోల్డర్‌లో, ఆ పై ఫోల్డర్‌లో వెతుక్కుంటూ పోతుంది. నలుగురు వాడే విండోస్ మెషీన్‌లో ఎవరైనా సీ డ్రైవ్ మొదట్లోనే ఒక .గిట్ పెడితే, మీ గిట్ అందులోని కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైల్) చదివి, అక్కడ రాసిన కమాండ్‌ని మీ పేరు మీద నడిపేది. ప్రాంప్ట్‌లో, అంటే కమాండ్ టైప్ చేసే లైన్‌లో, బ్రాంచ్ పేరు చూపించే సెట్టింగ్ ఉంటే మీరు గిట్ అని టైప్ కూడా చేయక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 2.35.2 వెర్షన్ నుంచి గిట్ ముందు ఓనర్‌ని చూస్తోంది.

మా జూనియర్ ఒకబ్బాయికి డాకర్ కంటైనర్‌లో (ల్యాప్‌టాప్ లోపలే విడిగా నడిచే చిన్న సిస్టమ్ లాంటిది) ఈ మెసేజ్ వచ్చింది. ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ ఓనర్ యూఐడీ (యూజర్ నంబర్) 1000, కంటైనర్‌లో అతను రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్, నంబర్ 0. నన్ను అడగడానికి మొహమాటపడి, కంటైనర్‌లోంచే ఫోల్డర్ తుడిచేశాడు. మౌంట్ చేసిన ఫోల్డర్ కదా, అంటే ల్యాప్‌టాప్‌లోని ఫోల్డరే కంటైనర్‌లోనూ కనబడుతోంది, ల్యాప్‌టాప్‌లోనూ పోయింది. పుష్ చేయని (సర్వర్‌కి పంపని) బ్రాంచ్, రెండు స్టాష్‌లు, వారం రోజుల పని. నా దగ్గరికి వచ్చేసరికి అతని మొహంలో రక్తపు చుక్క లేదు. నిజానికి కావాల్సిన కమాండ్ ఆ మెసేజ్ కిందే పూర్తిగా రాసి ఉంది: ఆ ఒక్క ఫోల్డర్ దారిని సేఫ్.డైరెక్టరీలో, అంటే గిట్ నమ్మే ఫోల్డర్ల జాబితాలో, చేర్చమని. డాకర్ అయితే దాన్ని కంటైనర్ ఎలా తయారవ్వాలో రాసే డాకర్‌ఫైల్‌లోనే పెట్టుకోండి, లేకపోతే కంటైనర్ మార్చిన ప్రతిసారీ మళ్ళీ వస్తుంది.

అపోహ: సేఫ్.డైరెక్టరీకి నక్షత్రం గుర్తు (*, అంటే అన్ని ఫోల్డర్లూ) పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది.

వాస్తవం: చెకింగే ఆగిపోతుంది. వాడి పారేసే కంటైనర్‌లో సరే. పదిమంది లాగిన్ అయ్యే సర్వర్‌లో మాత్రం వద్దే వద్దు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 777 పర్మిషన్లు (అందరికీ అన్ని అనుమతులూ) ఇస్తే ఓనర్ మారడు, మెసేజ్ పోదు. సుడో (రూట్ అధికారంతో నడిపే కమాండ్) పెట్టి గిట్ నడిపితే .గిట్‌లో రూట్ పేరుతో ఫైళ్లు పుట్టి, రేపు మీ కమిట్లే ఆగిపోతాయి. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్ ఫైళ్ల ఓనర్ ఎవరో రాసుకోదు, కాబట్టి అక్కడ విండోస్‌లో ఈ మెసేజ్ రావడం మామూలే. పాత గిట్‌కి వెనక్కి వెళ్లడమంటే ఆ లోపాన్ని మళ్ళీ తెచ్చుకోవడమే.

ఆ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఎడిటర్ ఇంకా తెరిచే ఉంది. అందులో ఉన్న రెండు ఫైళ్లు సేవ్ చేసుకోగలిగాం. మిగతాదంతా రెండు శనివారాలు కూర్చుని మళ్ళీ రాశాడు.