పాత కారు అద్దం ఎందుకు కీచుమంటుంది?

పదేళ్లు దాటిన కారులో పవర్ విండో బటన్ నొక్కగానే కీచుమంటే చాలామంది మోటారునే అనుమానిస్తారు. మొత్తం సెట్టు మార్పించేస్తారు కూడా. ఆ డబ్బు దండగ కావడం చూస్తే బాధేస్తుంది. ఎందుకంటే ఆ కీచు చాలాసార్లు మోటారుది కాదు, అద్దం జారే రబ్బరు బీడింగ్‌ది.

అద్దం అంచులు నడిచే గాడిలో సన్నటి నూగు పూత ఉంటుంది. అద్దం తేలిగ్గా జారేది దాని వల్లే. ఏళ్ల తరబడి మన ఎండలకు రబ్బరు బిరుసెక్కుతుంది, నూగు అరుగుతుంది, గాడిలో దుమ్ము పేరుకుంటుంది. అప్పుడు అద్దం ఒక్క క్షణం రబ్బరుకు అతుక్కుంటుంది. మోటారు లాగే కొద్దీ బలం పెరిగి పట్టు వదులుతుంది, కాస్త జారి మళ్లీ అతుక్కుంటుంది. కదలని వస్తువును కదిలించడానికి కావాల్సిన బలం, కదిలేదాన్ని నడిపించే బలం కంటే ఎక్కువ. స్థైతిక ఘర్షణ, జారుడు ఘర్షణ అని స్కూల్లో చదువుకున్నది ఇదే. ఈ పట్టు విడుపులు సెకనుకు వందలసార్లు జరిగితే చెవికి కీచుమని వినిపిస్తుంది. బోర్డు మీద చాక్‌పీస్ అరిచేదీ ఇలాగే.

అద్దం ఎంత నెమ్మదిగా కదిలితే ఈ అతుకుడు అంత ఎక్కువ. వోల్టేజీ తగ్గితే మోటారు నెమ్మదిస్తుంది, అందుకే కరెంటు సంగతీ చూడాలి. ఇంజిన్ ఆపి ఉంటే బ్యాటరీ దగ్గర సుమారు 12.6 వోల్టులు, నడుస్తుంటే 14 వోల్టుల దాకా ఉంటాయి. ఇంజిన్ స్టార్ట్ చేసినా అద్దం ఈడ్చుకుంటూనే వస్తుంటే స్విచ్ లోపలి కాంటాక్టులు మాడి ఉండొచ్చు. రెండు అరచేతులతో అద్దాన్ని ఇటూ అటూ పట్టి పైకి సాయం చేస్తూ బటన్ నొక్కి చూడండి. హాయిగా లేచిందంటే ముందు గాడిని శుభ్రం చేయాలి.

సన్నటి స్కేలుకు తడి గుడ్డ చుట్టి గాడి పొడవునా పైనుంచి కిందికి లాగండి. మొదటి రెండు మూడుసార్లు గుడ్డకు నల్లటి జిడ్డు మట్టి అంటుకుని వస్తుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టి అద్దాన్ని నాలుగైదుసార్లు ఎక్కించి దించండి. ఇంజిన్ ఆయిల్, కిరోసిన్ మాత్రం దయచేసి వద్దు. బీడింగ్‌కు ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరు పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, ఆ జిడ్డుకు దుమ్మూ పడుతుంది.

టకటకమనే చప్పుడైతే కథ వేరు. తలుపు లోపల ప్లాస్టిక్ పళ్లు విరిగి ఉండొచ్చు, ఉక్కు కేబుల్ పోగులు తెగి ఉండొచ్చు. మోటారు తిరిగే శబ్దం వస్తూ అద్దం కదలకపోతే ఇక రెగ్యులేటర్, అంటే అద్దాన్ని ఎత్తి దించే యంత్రాంగం, మార్చాల్సిందే. కత్తెర రకం రెగ్యులేటర్‌లో కొన్నింటికి బలమైన స్ప్రింగ్ ఉంటుంది. రెగ్యులేటర్ ఆర్మ్‌ను కదలకుండా బిగించకుండానే మోటారు ఊడదీస్తే అది ఒక్కసారిగా విదిలించి వేళ్లు తెగ్గొట్టగలదు, ఆ పని అనుభవమున్న మెకానిక్‌కే వదలండి.

ఎవరు చేసినా, డోర్ ప్యాడ్ వెనకున్న ప్లాస్టిక్ షీటును చింపి పారేయనివ్వకండి. అద్దం మీంచి తలుపులోకి జారే వాననీళ్లను కారు లోపలికి రానివ్వకుండా అడుగునున్న రంధ్రాల వైపు మళ్లించేది అదే.