ఆర్‌సీ విమానాలు మళ్ళీ మొదలుపెడదామనుకునే వైజాగ్ వాళ్ళకి: అపోహలు - వాస్తవాలు

ఆర్‌సీ అంటే రేడియో కంట్రోల్, నేల మీద నిలబడి రిమోట్‌తో ఎగరేసే చిన్న మోడల్ విమానాలు. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉన్నప్పుడు పట్టుకున్న పిచ్చి ఇది. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అని పదహారేళ్ళు వదిలేసి 2019లో మళ్ళీ మొదలుపెట్టాను, అప్పట్నుంచి వాన లేని ప్రతి ఆదివారం తెల్లారి ఐదింటికల్లా మర్రిపాలెం నుంచి బండి తీసి కొత్తవలస అవతల పొలాల్లో తేలతాను. నాలాగే మళ్ళీ వద్దామనుకునేవాళ్ళు ఫోన్ చేస్తూ ఉంటారు, ఎవరితో మాట్లాడినా ఒకటే కనిపిస్తోంది. గాలి గురించి అప్పుడు నేర్చుకున్నది ఒక్కటీ మారలేదు, సామాను గురించి నేర్చుకున్నది దాదాపు అంతా మారిపోయింది. మనవాళ్ళేమో పాత సామాన్ని నమ్ముతున్నారు, గాలి దగ్గర మాత్రం అప్పటి పాఠాలు మర్చిపోతున్నారు. అందుకే ఈ పోస్ట్.

అపోహ: అటక మీద పాత ట్రైనర్ (నేర్చుకునేవాళ్ళ విమానం) చెక్కుచెదరకుండా ఉంది, బ్యాటరీ మారిస్తే ఎగిరిపోద్ది

నాదీ అలాగే ఉందనుకున్నా. పెదవాల్తేరులో అమ్మావాళ్ళింట్లో పాత దుప్పట్లో చుట్టి పెట్టిన, తేలికైన బాల్సా చెక్కతో చేసిన హై వింగ్ (రెక్క పైన ఉండే) ట్రైనర్, మిథనాల్ ఇంధనంతో నడిచే 46 సైజు గ్లో ఇంజన్, 72 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం రేడియో సెట్. రెక్క మీద కవరింగ్ ముడతలు పడితే ఇస్త్రీపెట్టెతో సాగదీశా, కొత్త బ్యాటరీ ప్యాక్ పెడితే సర్వోలు (రెక్క, తోక పలకల్ని కదిపే చిన్న మోటర్లు) కూడా కదిలాయి. ఆ రోజే ఎగరేసేవాణ్ణి, ఎందుకో స్విచ్ వైరు కొంచెం గట్టిగా అనిపించి తొడుగు బ్లేడుతో చీల్చి చూశా. నల్ల వైరు లోపల రాగి మొత్తం బొగ్గులా నల్లగా అయిపోయింది, పాత నికాడ్ (నికెల్ కాడ్మియం) బ్యాటరీ సెల్ దగ్గర మొదలై స్విచ్ దాకా పాకేసింది, టంకం పెడితే అంటుకోవట్లేదు. ఎలివేటర్‌కి (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక పలకకి) వెళ్ళే తీగని ప్లయర్‌తో కాస్త తిప్పితే చివర ఉండే క్లెవిస్ కొక్కెం దగ్గర టక్కున విరిగింది. ఆ తీగ గాల్లో విరిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

సముద్రం పక్కన ఉన్న ఊరండీ మనది, ఉప్పుగాలి ఇనుమునీ రాగినీ వదలదు. ఫ్రేమ్ పనికొస్తుంది, రెక్క మధ్య అతుకు, ఇంజన్ బిగించే పలక ఇంధనంలో కలిపే ఆముదం పీల్చి మెత్తబడిందేమో చూసుకోండి. వైర్లు, తీగలు, విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవర్ మాత్రం అన్నీ కొత్తవి పెట్టాలి. గ్లో ఇంజన్ బిగుసుకుపోయుంటే బలవంతంగా తిప్పొద్దు, ఎండిపోయిన ఆముదం వేడి చేస్తే కరుగుతుంది. బేరింగులు తుప్పు పట్టాయేమో తప్పకుండా చూడాలి, ఇంధనంలో మిథనాల్ తేమని లాక్కుంటుంది కదా.

ఇక రేడియో. అప్పట్లో మన ఛానల్ మీదే ఇంకోడు ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ఆన్ చేస్తే అంతే సంగతులు, ఛానల్ నంబరు క్లిప్ పెట్టుకుని వంతులు కాసేవాళ్ళం. ఇప్పుడు 2.4 గిగాహెర్ట్జ్‌లో రిసీవర్ తన ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది, పది మంది ఒకేసారి ఎగరేసినా గొడవ లేదు. కాకపోతే ఫెయిల్‌సేఫ్ మీరే సెట్ చెయ్యాలి, సిగ్నల్ పోతే మోటర్ ఆగిపోవాలి. ప్రొపెల్లర్ ఊడదీసి, ట్రాన్స్‌మిటర్ ఆపి ఇంట్లోనే చెక్ చేసుకోండి.

అపోహ: బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి, మళ్ళీ ఫుల్ ఛార్జ్ పెట్టి ఉంచాలి

ఇది నికాడ్ రోజుల అలవాటు, మెమరీ ఎఫెక్ట్ భయంతో మనందరికీ నేర్పిందే. ఇప్పటి లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి ఇదే విషం. నాకంటే పెద్దాయన ఒకరు, మంచి పైలట్, కొత్త త్రీ సెల్ ప్యాక్ కొని పాత పద్ధతిలో బల్బు తగిలించి రాత్రంతా ఖాళీ చేశారు, పొద్దున చూసేసరికి ప్యాక్ పూరీలా పొంగి ఉంది. లైపో సెల్ నిండితే 4.2 వోల్టులు, లోడ్ మీద కూడా 3 కంటే కిందకి పోనివ్వకూడదు, నేను 3.5 దగ్గరే దింపేస్తాను. రెండు మూడు రోజుల్లో ఎగరెయ్యకపోతే సెల్‌కి 3.8 దగ్గర పెట్టి దాచాలి, ఫుల్‌గా ఉంచితే వేడికి పొంగుతుంది, మే నెలలో కారు డిక్కీలో మర్చిపోతే నిప్పంటుకున్నా ఆశ్చర్యం లేదు. పొంగిన ప్యాక్‌ని ఇంకొక్కసారి అని వాడొద్దు, ఛార్జింగ్ పెట్టి పడుకోవద్దు. దయచేసి.

అపోహ: వైజాగ్‌లో బీచ్‌ని మించిన గ్రౌండ్ ఏముంది

అందరూ ముందు అనేది ఇదే, విశాలంగా ఉంది, అడ్డం ఏమీ లేదని. ఊళ్ళోని ఎయిర్‌పోర్టే నేవీ వాళ్ళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో ఉంది, నౌకా స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల వరకు డ్రోన్ లాంటివేవీ ఎగరకూడదని నేవీ 2021లోనే ప్రకటించింది. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం ఎయిర్‌పోర్ట్ ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య కూడా అనుమతి లేకుండా 200 అడుగులే. మ్యాప్ మీద కొలిస్తే ఊళ్ళో చాలా భాగం అందులోకే వస్తుంది. ఆర్కే బీచ్ వద్దే వద్దు, సాయంత్రం జనం ఎలా ఉంటారో తెలుసుగా.

రూల్స్ పక్కన పెట్టినా నేను బీచ్ వద్దనే అంటాను. భీమిలి వైపు బీచ్‌లో దింపిన విమానం మోటర్ ఒక కుర్రాడు తెచ్చిచ్చాడు, తిప్పితే గరగరమంటోంది. విప్పి చూస్తే అయస్కాంతాల చుట్టూ నల్ల ఇసక మీసంలా అతుక్కుని ఉంది. మన తీరం ఇసకలో మాగ్నటైట్ ఉంటుంది, ఊదినా పోదు, సెల్లోటేప్ ముక్కతో అద్ది అద్ది తియ్యడానికి గంట పట్టింది. పైగా పదింటికల్లా సముద్రం గాలి మొదలవుతుంది. తెల్లవారుజామున నేల మీంచి మెల్లగా వచ్చే గాలే మనకి బంగారం.

అపోహ: గాలివాలుకి తిరిగితే లిఫ్ట్ (పైకి లేపే బలం) పోయి పడిపోతుంది

దీని మీద మాత్రం ఎంత వాదనైనా పెట్టుకుంటాను. విమానం గాలిలో 40 కిలోమీటర్ల వేగంతో పోతోంది, గాలి 15 అనుకోండి. ఎదురుగా పోతే నేల మీంచి చూసే మనకి 25లా కనిపిస్తుంది, వాలుకి తిరిగితే 55. విమానానికి మాత్రం రెండుసార్లూ 40యే, కదిలే రైల్లో పిల్లాడు బంతి ఎగరేసి పట్టుకున్నట్టు. మరి ఎందుకు పడుతోంది? 55 చూసి మనం కంగారుపడి థ్రాటిల్ (మోటర్ పవర్) తగ్గిస్తాం, ఎలివేటర్ లాగి ముక్కు పైకెత్తుతాం, అప్పుడు స్టాల్ అవుతుంది, అంటే రెక్క లిఫ్ట్ కోల్పోతుంది. చేసింది మన కన్ను, గాలి కాదు. థ్రాటిల్ కదపకుండా తిప్పి చూడండి, మీకే తెలుస్తుంది.

నిజంగా గాలి దెబ్బ కొట్టేది దిగేటప్పుడు. గట్లు, తాటిచెట్ల వల్ల నేల దగ్గర గాలి మందగిస్తుంది, ఎదురుగాలిని నమ్ముకుని నెమ్మదిగా దిగుతున్న విమానానికి ఆ ఆసరా ఒక్కసారి తగ్గిపోతుంది. చివరి పది అడుగుల్లో పిసరంత థ్రాటిల్ ఉంచండి.

అపోహ: సైకిల్ లాంటిదే, చెయ్యి మర్చిపోదు

టేకాఫ్ మర్చిపోదు, నిజమే. మనకేసి వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి చూడండి, అది మాత్రం పోతుంది. ఏ రెక్క కిందకి వాలిందో స్టిక్ అటే నెట్టండి, లెవల్ అవుతుంది. రెక్క కింద ముదురు రంగు పట్టీలు వెయ్యండి, నలభై దాటిన కళ్ళకి తెల్లటి ఆకాశంలో తెల్ల విమానం కనపడదు. ముందు సిమ్యులేటర్‌లో ఓ పది గంటలు కూర్చోండి.

విమానాన్ని నిలకడగా ఉంచే ఎలక్ట్రానిక్ గైరో ఉంది కదా అంటారు. గైరో కుదుపులు తగ్గిస్తుంది, తప్పుగా పెట్టిన సీజీని (బరువు కేంద్రాన్ని) మాత్రం సరిచెయ్యదు. రెక్క వెడల్పులో ముందు నుంచి పావు, మూడో వంతు మధ్యలో బ్యాలెన్స్ రావాలి, వెనక్కి పోయిందా ఏ ఎలక్ట్రానిక్సూ కాపాడవు.

అపోహ: కరెంటు విమానం ఆటబొమ్మే, ప్రమాదం లేదు

పది అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 9000 సార్లు తిరిగితే దాని కొస గంటకి 430 కిలోమీటర్ల వేగంతో పోతుంది. గ్లో ఇంజన్ స్టార్ట్ చేస్తేనే తిరిగేది, ఇది చప్పుడు లేకుండా కాచుకుని ఉంటుంది, మోచెయ్యి థ్రాటిల్‌కి తగిలితే చాలు. బ్యాటరీ తగిలించాక ముందు వైపు నిలబడొద్దు, పిల్లల్ని వెనకే ఉంచండి.

అపోహ: లైసెన్స్ లేకపోతే పట్టుకెళ్తారు / అసలు ఏ రూలూ లేదు

రెండూ తప్పే. 25 కిలోల లోపు, కంటికి కనిపించేంత దూరంలో సరదాకి ఎగరేసే మోడల్‌కి టైప్ సర్టిఫికెట్ (ఆ రకం విమానానికి ప్రభుత్వ ఆమోదం) అక్కర్లేదు. 2 కిలోల లోపుదాన్ని వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే పైలట్ లైసెన్సూ అక్కర్లేదు. అంతమాత్రాన ఇంకేం లేదనుకోవద్దు, రిజిస్ట్రేషన్, ఎయిర్‌స్పేస్ మ్యాప్‌లో రెడ్ (మామూలుగా ఎగరకూడని), ఎల్లో (అనుమతి కావాల్సిన) జోన్లు వాటి పాటికి అవి ఉన్నాయి. వెళ్ళే ముందు మ్యాప్ చూడండి, భోగాపురం కొత్త ఎయిర్‌పోర్ట్ వల్ల ఆ వైపు పాత చోట్లు కూడా ఇక పనికిరాకపోవచ్చు.

పొలం గలాయన్ని అడక్కుండా దిగొద్దు. మా రైతు మొదటి రోజు "ఏటి బాబూ, మీద పడితే మా గేదెకేటవదు కదా" అనడిగాడు, న్యాయమైన ప్రశ్న, అందుకే గేదెలు ఏ గట్టు మీదుంటే అటువైపు ఎగరెయ్యం. డిసెంబర్ ఆఖరికి కోతలైపోతాయి. రావాలనుంటే ఆరింటికల్లా వచ్చెయ్యండి, టోపీ, నీళ్ళు తెచ్చుకోండి, పాత సెట్ ఉంటే అది కూడా తీసుకురండి, తొడుగు చీల్చి కలిసి చూద్దాం.