వేలు చూపితే ఆనప పిందె రాలుతుందా?

గుణుపురం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పెరట్లో ఆనపపాదు పందిరంతా అల్లుకుంది. పిందెలు వస్తున్నాయి, వేలెడు కాకముందే పసుపెక్కి రాలిపోతున్నాయి. పిల్లలు వేలుపెట్టి చూపిస్తున్నందుకే అంటున్నారు మా అత్తగారు. నిజమేనా?"

కాదమ్మా. ఆ నమ్మకం ఎలా పుట్టిందో మాత్రం ఊహించవచ్చు. ఆనప ఆడపువ్వు విచ్చకముందే దాని కింద చిన్న పిందె ఉంటుంది. అది అండాశయం. పుప్పొడి అందకపోతే కొద్దిరోజుల్లో అది ఎటూ రాలిపోయేదే. ఆలోగా ఎవరో ఒకరు దాన్ని చూసి, చూపించి మురిసిపోతారు. నింద వాళ్ల వేలి మీద పడుతుంది.

అసలు కథ పువ్వు లోపల జరుగుతుంది. ఆడపువ్వు మధ్యలో పుప్పొడిని అందుకునే కొసను కీలాగ్రం అంటారు. దాని మీద పడ్డ పుప్పొడి రేణువు తడి పీల్చుకుని ఉబ్బి, సన్నని నాళంగా సాగుతూ అండాశయంలోకి దిగుతుంది. ఆ నాళంలో రెండు శుక్రకణాలు ప్రయాణిస్తాయి. ఒకటి అండకణంతో కలిసి పిండమవుతుంది, రెండోది మధ్యకణంతో కలిసి పిండానికి ఆహారమయ్యే అంకురచ్ఛదానికి మొదలవుతుంది. ఈ జంట కలయికను 1898లో రష్యన్ శాస్త్రవేత్త నవాషిన్ కనిపెట్టాడు. ఒక్కో గింజకు ఒక్కో రేణువు కావాలి. ఆనపకాయలో గింజలు వందల్లో ఉంటాయి!

గింజ పడగానే ఆక్సిన్ అనే హార్మోను తయారవుతుంది. పిందెకు అదే రేషన్ కార్డు. ఆకులు వండిన చక్కెర కార్డున్న పిందెకే అందుతుంది. కార్డులో ఎన్ని పేర్లుంటే అంత సరుకు. ఒకవైపే గింజలు పడితే ఆ వైపే సరుకు చేరి, కాయ వంకరపోతుంది. కార్డే లేని పిందె తొడిమ దగ్గర కణాల పొర విడిపోతుంది, పిందె రాలుతుంది. 1950లో నిట్ష్ అనే శాస్త్రవేత్త స్ట్రాబెర్రీ పిందెల మీది గింజలు గిల్లేస్తే అవి పెరగడం మానేశాయి. గింజలకు బదులు ఆక్సిన్ పూస్తే మళ్లీ పెరిగాయి. ఈ ప్రయోగం గురించి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మరి మీ పాదుకు పుప్పొడి ఎందుకు అందడం లేదు? వేళ చూడండి. తెల్లని ఆనపపువ్వు సాయంత్రం విచ్చుతుంది, దాని కోసం చీకటిపడ్డాక శలభాలు వస్తాయి. బీరపువ్వూ సాయంత్రమే. దాని దగ్గరి చుట్టం నేతిబీర, గుమ్మడి, కాకర, దోస తెల్లవారుజామున విచ్చుతాయి, వాటికి తేనెటీగలు దిక్కు. సాయంత్రం పురుగుమందు కొడితే శలభాలు పోతాయి, వాన పడితే పుప్పొడి తడిసిపోతుంది. యూరియా ఎక్కువైతే ఆకు బలుస్తుంది, మగపూలే ఎక్కువవుతాయి. పాదుకు మొదట మగపూలే రావడం సహజం, దానికి కంగారుపడొద్దు.

చేయవలసింది ఇది. పొద్దు వాలాక అప్పుడే విచ్చిన మగపువ్వు కోయండి, సన్నని తొడిమతో, కింద పిందె లేకుండా ఉంటుంది. రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రం తమ్మెలన్నిటికీ మెల్లగా అద్దండి. ఒక ఆడపువ్వుకు రెండు మూడు మగపూలు వాడితే కాయ తిన్నగా వస్తుంది.

బడిలో పువ్వు పాఠం మందారంతోనో ఉమ్మెత్తతోనో చెబుతారు. రెండింటిలోనూ ఆడ, మగ భాగాలు ఒకే పువ్వులో ఉంటాయి. మాస్టారూ, ఒక్కరోజు రెండు రకాల గుమ్మడిపూలూ బల్లమీద పెట్టండి, పిల్లలు జన్మలో మరిచిపోరు.

పిందె మీద సూది గుచ్చినట్టు చుక్క ఉండి, లోపల పురుగులుంటే అది పండుఈగ పని. అలాంటివి ఏరి నాశనం చేయండి, పాదు కింద వదిలేయకండి.

పర్లాకిమిడి, గుణుపురం వైపు మన ఒడియా ఇరుగుపొరుగు గుమ్మడిపూలను బియ్యప్పిండి జారులో ముంచి వేయిస్తారు, ఎంతో రుచి. మనమూ నేర్చుకున్నాం. మగపూలే కోయండి, అదీ తెల్లవారి ఆడపూలకు పుప్పొడి అద్దాకే.